పొగబండి నమూనా: కొలత, కాలము, రంగు

ఉన్నత పాఠశాలల వైజ్ఞానిక ప్రదర్శనలలో పొగబండి నమూనా తరచుగా కనబడు వస్తువు. అట్టముక్కలు, తగరపు డబ్బాలు, పాత సైకిలు చువ్వలు చేర్చి విద్యార్థులు చేయు ఎంజనులు చూడముచ్చటగానే ఉండును. కాని చూడవచ్చినవారు "ఇది ఏ ఎంజను?" అని అడిగినచో జవాబు రాదు. "రైలింజను" అని మాత్రమే చెప్పుదురు. ఆవు బొమ్మను చూపి "ఇది నాలుగు కాళ్ల జంతువు" అని చెప్పినట్లే ఇదియును.

పూర్వము ఇది అంత పట్టించుకొనదగిన విషయము కాదు. బొమ్మలో తప్పున్నను స్టేషనుకు పోయి నిజమైన ఎంజనును చూచి దిద్దుకొనవచ్చును. మన దేశమున బ్రాడ్‌గేజిపై ఆవిరి ఎంజనుల నిత్యసేవ 1995 లో ముగిసినది. తరువాత కొద్ది సంవత్సరములకే మీటరుగేజిపైనను దాదాపుగా ముగిసినది. నేడు పదవ తరగతి చదువుచున్న బాలునికే గాక అతని ఉపాధ్యాయునికి సైతము, పని చేయుచున్న ఆవిరి ఎంజనును చూచిన అనుభవము లేకపోవచ్చును. అట్టి వారికి నమూనాయే సాక్షి. సాక్షి తప్పు చెప్పినచో ఆ తప్పే చరిత్రగా నిలిచిపోవును.

ఇక్కడ ఒక మాట చెప్పవలెను. ఏటికొప్పాక పనివారు అంకుడు కర్రను తిరుగుడు పట్టి, లక్క పూసి చేయు రైలుబండిని చూచి "ఇందులో పిస్టను కడ్డీ లేదు" అని ఎవరును తప్పు పట్టరాదు. అది తాను బొమ్మనని చెప్పుకొనుచునే ఉన్నది. తాను నమూనానని చెప్పుకొని నమూనా కానిదానితోనే చిక్కు.

మేడ్చల్ మీదుగా పోయిన మీటరుగేజి

ఉదాహరణము కొరకు దూరము పోనక్కరలేదు. పేట్ బషీరాబాద్, కొంపల్లి ప్రాంతములు నాగపూరు రహదారి మీద ఉన్నవి. వాటికి సమీపముగా బొల్లారం, గుండ్లపోచంపల్లి, మేడ్చల్ స్టేషనులను కలుపుచు ఒక రైలుమార్గము ఉత్తరమునకు పోవుచున్నది. ఇది హైదరాబాదు గోదావరి లోయ రైల్వే పేరున 1899–1901 నడుమ భాగములు భాగములుగా తెరువబడినది. సికిందరాబాదు వైపు నుండి నిజామాబాదు, నాందేడు, ఔరంగాబాదుల మీదుగా మన్మాడు వరకు దాని పొడవు సుమారు 390 మైళ్లు. పట్టాల నడిమి దూరము సరిగా ఒక మీటరు. అంతకు పూర్వము 1874 లో తెరువబడిన వాడి–సికిందరాబాదు మార్గము బ్రాడ్‌గేజి, అనగా 1,676 మిల్లీమీటర్లు.

లోయ మార్గమును నిజాము గ్యారంటీడ్ స్టేటు రైల్వే వారు నడపిరి. 1930 లో రైల్వేను నిజాము ప్రభుత్వము తీసికొనినది. అప్పటి నుండి పేరులో "గ్యారంటీడ్" అను మాట పోయి నిజాము స్టేటు రైల్వే అయినది. 1951 లో అది మధ్య రైల్వేలో కలిసినది. 1966 అక్టోబరు 2 న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడినపుడు సికిందరాబాదు డివిజను అందులో చేరినది. 2000వ దశకపు తొలి సంవత్సరములలో మేడ్చల్ వైపు మీటరుగేజి పట్టాలు తీసి బ్రాడ్‌గేజి వేసిరి. 2023 నుండి మేడ్చల్ వరకు ఎం.ఎం.టి.ఎస్. బండ్లు కూడ పోవుచున్నవి.

ఈ తేదీలన్నియు ఏల? నమూనా టెండరుపై వ్రాయు అక్షరములు వీటిపైననే ఆధారపడి యున్నవి. స్వాతంత్ర్యానంతరము మన మీటరుగేజి మార్గములలో ప్రయాణికుల బండ్లకు ప్రధానమైన ఆవిరి ఎంజను వై.పి. తరగతిది. 1949 నుండి 1970 వరకు ఇవి సుమారు 870 తయారైనవి. మొదటివి అమెరికాలోని బాల్డ్విను కర్మాగారమున, తరువాత బ్రిటను, జర్మనీలలో, అత్యధిక సంఖ్య మన జంషెడ్‌పూరులోని టెల్కోలో తయారైనవి. అట్టి వై.పి. నమూనాపై "ఎన్.జి.ఎస్.ఆర్." అని బంగారు రంగు అక్షరములు వ్రాసినచో చూచుటకు రాజసముగా ఉండును గాని ఆ కంపెనీ పోయిన పందొమ్మిది సంవత్సరములకు ఈ ఎంజను పుట్టినది. తాతగారి పెండ్లి ఫొటోలో మనుమని నిలుపుట ఎట్టిదో ఇదియు అట్టిదే.

కావున మొదట నిర్ణయింపవలసినది ఎంజను మాత్రము కాదు, ఏ సంవత్సరపు ఎంజను అన్నది. స్టీఫెన్‌సను గారి "రాకెట్" దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణము. 1829 అక్టోబరులో రెయిన్‌హిల్ పందెమున గెలిచినపుడు దాని సిలిండర్లు బాగుగా ఏటవాలుగా ఉండెను; ఒడలు పసుపు, పొగగొట్టము తెలుపు. కొద్దికాలములోనే సిలిండర్లను దాదాపు అడ్డముగా దించిరి, ఇతర మార్పులు చేసిరి. నేడు మ్యూజియములో నిలిచియున్నది ఆ మారిన యంత్రము. దానిని చూచి అచ్చముగా నమూనా చేసి "1829 పందెపు రాకెట్" అని చీటీ అంటించినచో, కొలతలన్నియు సరియైనను చీటీ అబద్ధము. మన ఎంజనులకును ఇంతే. వర్కుషాపునకు పోయిన ప్రతిసారి ఏదో ఒకటి మారును. బాయిలరు ఒకదానిది మరొకదానికి, టెండరు ఒకదానిది వేరొకదానికి బిగింతురు. అందుచేత ఒకే నంబరు ఎంజను పదేండ్ల ఎడముతో తీసిన రెండు ఫొటోలలో రెండు విధములుగా కనబడుట వింత కాదు.

పట్టాలను బట్టి నిష్పత్తి

నమూనా చేయువాడు మొదట తన ఇష్టమైన నిష్పత్తి నిర్ణయించుకొని తరువాత పట్టాలు వెదకును. బజారులో దొరకు నమూనా పట్టాలు సాధారణముగా 16.5 మిల్లీమీటర్ల వెడల్పుగలవి. ఇవి ఐరోపా, అమెరికాల 1,435 మిల్లీమీటర్ల పట్టాలకు 87వ వంతుగా పుట్టినవి. బ్రిటిషువారి ఎంజనులు వెడల్పులోను ఎత్తులోను చిన్నవి. ఆ నిష్పత్తిలో చేసినచో నాటి విద్యుత్ మోటార్లు లోపల పట్టలేదు. అందుచేత వారు ఒడలిని మాత్రము అడుగునకు 4 మిల్లీమీటర్ల చొప్పున, అనగా 76వ వంతుగా పెంచి, పట్టాలను 16.5 వద్దనే ఉంచిరి. ఫలితముగా వారి పట్టాలు 4 అడుగుల 8½ అంగుళములకు బదులు 4 అడుగుల 1½ అంగుళములకు సరిపోవును. ఏడంగుళముల ఈ లోటు కోట్లకొలది బొమ్మలలో నేటికిని కలదు. ఓపికగలవారు కొందరు దీనిని సహింపలేక 18.83 మిల్లీమీటర్ల పట్టాలు తామే వేసికొనుచున్నారు.

మన బ్రాడ్‌గేజి ఎంజనును ఇదే 4 మిల్లీమీటర్ల లెక్కకు చేసినచో పట్టాలు సరిగా 22 మిల్లీమీటర్లు ఉండవలెను. 16.5 పై నిలిపినచో లోటు ఏడంగుళములు కాదు, 16½ అంగుళములు. లావుపాటి మనిషిని ఇరుకు బల్లపై కూర్చుండబెట్టినట్లుండును. ముందునుండి తీసిన ఫొటోలో ఈ తప్పు దాగదు.

దీనికి ఉపాయము భాగహారమే. ఉన్న పట్టాలను బట్టి నిష్పత్తిని నిర్ణయింపవలెను. 1,000 ని 16.5 తో భాగించిన 60.6 వచ్చును. అనగా సామాన్యమైన పట్టాలపై మేడ్చల్ మార్గపు మీటరుగేజి ఎంజనును 60వ వంతుగా చేయవచ్చును. తేడా మిల్లీమీటరులో ఆరవ వంతు మాత్రమే. బ్రాడ్‌గేజికి 1,676 ని 16.5 తో భాగించిన 101.6. ఇంచుమించు నూరవ వంతు! దశాంశ పద్ధతి నేర్చుకొను విద్యార్థికి ఇంతకంటె అనుకూలమైన నిష్పత్తి ఏముండును? ఈ రెండు లెక్కలను గణితపు తరగతిలో చేయించి, తరువాత కత్తెర చేతికిచ్చుట మంచిది.

60వ వంతున వై.పి. చోదకచక్రము, అనగా పిస్టను బలముతో తిరుగు పెద్ద చక్రము, 1,372 మిల్లీమీటర్లకు బదులు 22.9 మిల్లీమీటర్లగును. సరకు బండ్లను లాగు వై.జి. ఎంజనుకు చక్రము చిన్నది: 1,219 కి బదులు 20.3. రెండున్నర మిల్లీమీటర్ల ఈ భేదమును అలక్ష్యము చేయరాదు. ఒక చుట్టుకు చక్రము పోవు దూరమును, దానితో ఎంజను వేగ బలములను, అది నిర్ణయించుచున్నది. చక్రముల అమరికయు అట్లే. వై.పి. కి ముందు నాలుగు చిన్న చక్రములు, నడుమ ఆరు పెద్దవి, వెనుక రెండు. వై.జి. కి రెండు, ఎనిమిది, రెండు. "పెద్ద చక్రములు ఎన్ని ఉన్న నేమి?" అని కొందరు అందురు. వేగమునకు చేసిన ఎంజనునకును బరువునకు చేసిన ఎంజనునకును తేడా అక్కడనే ఉన్నది.

పైని చూపులో దొరికిపోవు తప్పులు

మీటరుగేజి నమూనాలలో తరచుగా కనబడు తప్పు బఫర్లు. బ్రాడ్‌గేజి ఆవిరి ఎంజనుకు ఇరుప్రక్కల రెండు బఫర్లు, నడుమ కొక్కెము ఉండును. మన మీటరుగేజి బండ్లకు నడుమ ఒకే బఫరు, దానితోనే కలుపు కొక్కెము. విదేశపు బొమ్మను కొని నలుపు రంగు పూసి మన రైల్వే పేరు వ్రాసినచో, ముందున్న రెండు బఫర్లే దానిని పట్టి యిచ్చును. పశువులను ప్రక్కకు నెట్టు ముందరి కంచె లేకపోవుట, డ్రైవరు గదికి ఎండను ఆపునంతటి పైకప్పు లేకపోవుట కూడ ఇట్టి గుర్తులే.

రెండవది కడ్డీల అమరిక. ఎడమ వైపు క్రాంకు పిన్నును కుడి వైపు పిన్నును ఒకదానికొకటి 90 డిగ్రీల ఎడముగా ఉండవలెను. ఏలయన పిస్టను తన దారికి ఒక కొనలో నిలిచినపుడు ఎంత ఆవిరి త్రోసినను చక్రము తిరుగదు. అట్టి స్థితిలో రెండవ వైపు పిస్టను దారి నడుమ ఉండి పూర్తి బలముతో త్రిప్పును. రెండు వైపులను ఒకే స్థానమున బిగించిన ఎంజను, నిజమైనదైనచో, ఏదో ఒకనాడు స్టేషనులో నిలిచి కదలజాలకుండెడిది. నమూనాను అద్దము ముందు ఉంచి రెండు వైపులను ఒకేసారి చూచిన ఈ తప్పు వెంటనే తెలియును.

మూడవది, ఎంజనునకును టెండరునకును నడుమ ఖాళీ. నిజమునకు అక్కడ ఫైర్‌మాన్ నిలిచి బొగ్గు వేయును. కాలు జారకుండ ఇనుపరేకు కప్పి యుండును. బొమ్మలలో ఆ ఖాళీ దూకవలసినంత వెడల్పు. ఇది అజ్ఞానము వలన కాదు, వంపుల వలన. మీటరుగేజిపై గరిష్ఠమైన 16 డిగ్రీల వంపునకు వ్యాసార్ధము సుమారు 109 మీటర్లు. 60వ వంతున అది 1.8 మీటర్లు. బొమ్మ పట్టాల వంపు అర మీటరు కూడ ఉండదు. అంత ఇరుకైన మలుపు తిరుగవలెనన్న నడిమి ఎడము పెంచక తప్పదు. చక్రపు అంచుల సంగతియు ఇంతే. నిజమైన అంచు లోతు అంగుళము పైచిలుకు. 60వ వంతున అర మిల్లీమీటరునకు మించదు. అంత సన్నని అంచు అతుకుల వద్ద పట్టా దిగును గనుక బొమ్మలవారు దానిని రెట్టింతురు. నమూనా నడువవలెనా, నిలిచి చూపబడవలెనా అను ప్రశ్నను ముందుగా తేల్చుకొనవలెను. పాఠశాలకు నిలిచియుండు నమూనాయే మేలని నా అభిప్రాయము. నడుచు నమూనా కొరకు చేసిన రాజీలను చూచువారికి ఎవరును వివరింపరు.

టెండరు చెప్పు లెక్క

ఎంజనును శ్రద్ధగా చేసి, టెండరును ఒక పెట్టెగా ముగించుట చాల చోట్ల చూచుచున్నాము. ఇది అన్యాయము. ఎంజను ఎంత దూరము పోగలదో చెప్పునది టెండరే. వై.పి. టెండరు సుమారు 3,000 గాలన్ల, అనగా 13,600 లీటర్ల నీటిని, ఇంచుమించు 9¾ టన్నుల బొగ్గును మోయును. కిలో బొగ్గు సుమారు ఆరు కిలోల నీటిని ఆవిరి చేయుననుకొందము. అప్పుడు టెండరులోని బొగ్గంతయు కాలునప్పటికి 59 టన్నుల నీరు కావలెను. తొట్టిలో పట్టునది దానిలో నాలుగవ వంతు కంటె తక్కువ. ఆవిరి పొగగొట్టము గుండ బయటికే పోవును గాని తిరిగి నీరై రాదు. కనుక బొగ్గు ఒకసారి ఎత్తుకొనులోపల నీరు నాలుగైదు సార్లు పట్టవలెను. మార్గము పొడవున స్టేషనులలో నీటి గొట్టపు స్తంభములు నిలిపినది ఇందుకే. టెండరుపైన వెనుకభాగమున నీటిమూత, ముందుభాగమున బొగ్గుగుంట ఉండుటకును కారణమిదే: బొగ్గు ఫైర్‌మాన్ పారకు అందవలెను, నీరు పైనుండి సులువుగా పట్టవలెను.

ఇదే టెండరును 60వ వంతుగా చేసినచో నీరు ఎంత పట్టును? 13,600 లీటర్లను 60 తో భాగింపరాదు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడును తగ్గినవి గనుక 60 ఘనము, అనగా 2,16,000 తో భాగింపవలెను. వచ్చునది 63 మిల్లీలీటర్లు: చిన్న టీగ్లాసెడు. బొగ్గు 46 గ్రాములు. ఘనపరిమాణపు సూత్రమును ఇంత చక్కగా చూపు వస్తువు తరగతి గదిలో మరొకటి లేదు.

బొగ్గుగుంటలో నల్లరంగు పూసిన ఇసుక పోయవద్దు. నిజమైన రాతిబొగ్గునే నలుగగొట్టి జల్లెడ పట్టుడు. పిడికిలంత గడ్డ 75 నుండి 100 మిల్లీమీటర్లు. మనకు మిల్లీమీటరున్నర లోపు పలుకులు కావలెను. బొగ్గు ఎంత చిన్నగా పగిలినను దాని ముఖములు అట్లే మెరయును. రంగు పూసిన ఇసుకకు ఆ మెరుపు రాదు. కుప్పను సమముగా చదును చేయక, ముందువైపు కొంత తవ్వినట్లుగా ఉంచిన ఫైర్‌మాన్ అప్పుడే పార దించి పోయినట్లుండును.

రంగు: ఫొటో చెప్పు అబద్ధములు

ప్రాత ఎంజనుల రంగు తెలిసికొనుట కొలతల కంటె కష్టము. ఫొటోలు నలుపు తెలుపులవి. అంతేగాక, ఆనాటి ఫొటో పలకలు అన్ని రంగులను ఒకే విధముగా గ్రహింపలేదు. ఆర్థోక్రోమాటిక్ పలకలకు ఎరుపు కనబడదు. నీలము ఎక్కువగా సోకును. అందుచేత ముదురు ఎరుపు ఎంజను నల్లగాను, నీలపు గీత తెల్లగాను పడును. ఫొటోలో నల్లగా ఉన్నదని నలుపు పూయుట తొందరపాటు.

ఇంకొక చిక్కు. కర్మాగారములవారు క్రొత్త ఎంజనును బయటికి పంపుటకు ముందు ఫొటో తీయించెడివారు. వివరములు స్పష్టముగా పడుటకై దానికి మెరుగులేని బూడిదరంగు పూసి, గీతలను తెలుపు నలుపులతో దిద్దెడివారు. ఫొటో తీసిన పిమ్మట అసలు రంగు పూయుదురు. పుస్తకములలో మనకు దొరకు చక్కని ప్రక్కచూపు చిత్రములు పెక్కు ఇట్టివే. వీటి నుండి ఆకారము గ్రహింపవలెను గాని రంగు గ్రహింపరాదు.

నలుపు అని రూఢియైనను ఒకే నలుపు పూయరాదు. పొగపెట్టె మిక్కిలి వేడెక్కును గనుక అక్కడి రంగు కాలి మెరుగు పోయి బూడిద నలుపుగా ఉండును. బాయిలరు ఒడలు తుడిచినందున కొంత మెరయును. టెండరు బొగ్గుగుంటలో రంగు నిలువదు. ఎర్రని త్రుప్పే కనబడును. కడ్డీలు రంగు లేని ఉక్కు, నూనెతో తడిసినవి. కడుగు రంధ్రముల మరల క్రింద తెల్లని చారలు ఉండును. అవి సున్నము కాదు. కఠినజలము కారి ఇగిరిపోగా మిగిలిన లవణములు. రసాయనశాస్త్రపు పాఠమున చదివినది ఇక్కడ కంటికి కనబడును.

నమూనాను అర మీటరు దూరము నుండి చూచుచున్నామన్న నిజమైన ఎంజనును 30 మీటర్ల దూరము నుండి చూచినట్లు లెక్క. అంత దూరమున కటిక నలుపు కనబడదు. నలుపులో కొద్దిగా తెలుపు కలుపుట మేలు. ఎంత కలుపవలెనన్న విషయమున నిపుణులకే ఏకాభిప్రాయము లేదు; చెంచాడు నలుపునకు ఒకటి రెండు చుక్కలతో మొదలు పెట్టి, ఎండలో చూచి తేల్చుకొనవలెను.

అన్నిటికంటె ముఖ్యము పూత మందము. కుంచెతో వేసిన ఒక పూత మిల్లీమీటరులో పదవ వంతు ఉండవచ్చును. 60 తో గుణించిన అది 6 మిల్లీమీటర్ల తారుపూత! ప్రాత టెండర్లపై వరుసలుగా కనబడు రివెట్టు తల ఎత్తు 12 మిల్లీమీటర్లనుకొన్న, నమూనాలో అది మిల్లీమీటరులో అయిదవ వంతు. రెండు పూతలు వేయగానే రివెట్ల నడిమి పల్లము నిండి వరుస మాయమగును. తలతన్యత వలన తడి రంగు వాడియైన అంచుల నుండి తొలగి మూలలలో చేరును. అంచులలో లోహము బయటపడుట, మూలలు గుండ్రబడుట ఇందుకే. కనుక పలుచని రంగును చిమ్మెడు గొట్టముతో మూడు నాలుగు సార్లు, ఆరిన పిదపనే వేయవలెను. రేకునకు మాటు పెట్టిన చోట జిడ్డు, ఆమ్లము మిగిలియున్నచో ఎంత మంచి రంగైనను నెలలోపల ఊడును. సబ్బునీటితో కడిగి ఆరబెట్టి, తరువాత వ్రేలు తగులనీయరాదు.

రివెట్లు ఎక్కడ ఉండవలెనో కూడ చూడవలెను. వెల్డింగు వచ్చిన కొలది రివెట్ల వరుసలు తగ్గినవి. 1895 లో అజ్మీరు వర్కుషాపులో తయారై, నేడు న్యూఢిల్లీ రైలు మ్యూజియములో ఉన్న ఎఫ్-734 వంటి మీటరుగేజి ఎంజనునకును 1960ల నాటి టెండరునకును ఒకే విధముగా రివెట్లు గ్రుచ్చుట తగదు.

నమూనా పూర్తియైన తరువాత ఒక పరీక్ష కలదు. చరవాణి కెమెరాను బల్లపై, పట్టాల మట్టమునకు రెండున్నర సెంటీమీటర్ల ఎత్తున ఉంచుడు. ప్లాటుఫారము లేని చోట పట్టాల ప్రక్క నిలిచిన మనిషి కన్ను ఆ ఎత్తుననే ఉండును. ఫొటో తీసి నలుపు తెలుపులకు మార్చి, అదే తరగతి ఎంజను ప్రాత ఫొటో ప్రక్కన పెట్టుడు. పొగగొట్టము వంకర, టెండరు ఎత్తు, డ్రైవరు గది కిటికీ వెడల్పు, ఇంతవరకు పైనుండి చూచుచున్నందున కనబడని తప్పులు ఒక్కొక్కటిగా బయటపడును.